సవరణ: ఎక్సెటర్ పిల్లికి వారానికి ఒక్క పెన్నీయే

ఇంగ్లండులోని ఎక్సెటర్ కెథెడ్రల్ (బిషప్ ఉండే పెద్ద చర్చి) పాత జమాఖర్చుల గురించి పోయిన వారం రాస్తూ, అక్కడి పిల్లికి వారానికి 13 పెన్నీలు ఇచ్చేవారని రాశాను. అది తప్పు. 13 పెన్నీలు మూడు నెలలకు, అంటే 13 వారాలకు. వారానికి ఒక్క పెన్నీ.

ఇది చిన్న పొరపాటు కాదు. 14వ శతాబ్దం మొదట్లో మామూలు కూలివాడికి రోజంతా రాళ్లు మోస్తే దక్కేది ఒకటిన్నర, రెండు పెన్నీలు. నా లెక్కే నిజమైతే పిల్లి సంపాదన కూలివాడి సంపాదనను దాటిపోయేది! ఆ మనుషుల కష్టాన్ని అలా తక్కువ చేసినందుకు బాధగా ఉంది.

దాన్ని ‘పిల్లి జీతం’ అనడమూ సరికాదు. 1305 నుంచి 1467 వరకు లెక్కల్లో కనిపించే ఆ పద్దు లాటిన్‌లో ‘కస్టోరిబుస్ ఎత్ కాటో’ అని ఉంటుంది: కాపలాదారులకు, పిల్లికి. ఎలుకలు పట్టే జీవికి తిండి ఖర్చు అది. గుడిని కనిపెట్టుకుని ఉండే మనుషుల పక్కనే, ఒకే వరుసలో, పిల్లినీ రాసుకున్నారు. నాకు ఈ లెక్కలన్నిటిలో ఎంతో ఇష్టమైన పద్దు ఇదే.

కెథెడ్రల్‌లోని గడియారం కింది తలుపుకు ఉన్న పిల్లి కన్నం కూడా ఆ రోజులదే అన్నాను. కాదు, అది 1598 నాటిది. బిషప్ విలియం కాటన్ కాలంలో ఆ కన్నం కోసినందుకు వడ్రంగులకు ఇచ్చినది 8 పెన్నీలు.