సవరణ: ఆ విల్లు ప్రేమది కాదు

ఇంగ్లండ్‌లోని వెడ్జ్‌వుడ్ సంస్థ చేసిన నీలి జాస్పర్ (ఒక రకం పింగాణీ మట్టి) పాత్రల మీద విల్లు పట్టిన తెల్ల స్త్రీ బొమ్మ గురించి పోయిన వారం రాస్తూ, ఆమె రోమన్ల ప్రేమదేవత వీనస్ అన్నాను. అది తప్పు. ఆమె డయానా, రోమన్లకే చెందిన వేట దేవత. విల్లు కనబడగానే మన మన్మథుడి చెరుకు విల్లు మనసులో మెదిలి, ప్రేమే అనుకున్నాను.

బొమ్మను దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. నుదుటి మీద సన్నని నెలవంక, వీపున అమ్ములపొది, పక్కన వేటకుక్క. పెళ్లి వద్దనుకున్న కన్య ఆమె, కాబట్టి ఆ విల్లుకి అర్థం పూర్తిగా మారిపోతుంది. అక్కడ అది బ్రహ్మచర్యానికి, స్వేచ్ఛకి గుర్తు. ప్రేమ బాణాలు రెక్కలున్న పసివాడు క్యూపిడ్‌వి.

ఇంకో తప్పు కూడా దొర్లింది. తెల్ల బొమ్మలను రంగుతో వేస్తారని రాశాను. నిజానికి తెల్లమట్టిని చిన్న అచ్చుల్లో నొక్కి తీసి, తడిచేసి, పాత్రకి అతికించి కాలుస్తారు. 1770లలో ఆ సంస్థ స్థాపకుడు జొసయా వెడ్జ్‌వుడ్ ఎన్నో ప్రయోగాలు చేసి సాధించిన మట్టి ఈ జాస్పర్. అంత కష్టాన్ని ‘పెయింటింగ్’ అనేయడం నాకే బాధగా ఉంది. పాత పోస్టులో రెండూ సరిచేశాను.