మూసీ పేరున ఓ బాండు
మాది ఉమ్మడి నల్గొండ జిల్లా, వలిగొండ దగ్గర. పొలం మూసీ కాల్వ కింద. పంట బాగానే వస్తుంది, కానీ మా నాయిన ఆ వడ్లు మొత్తం అమ్మేసి ఇంట్లో తినడానికి వేరే ఊరి బియ్యం కొంటాడు. హైదరాబాద్ మురుగంతా ఆ నీళ్లలోనే వస్తుంది మరి.

మొన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో రిటైర్మెంట్ డబ్బు గ్రీన్ ఫండ్లలో, అంటే పర్యావరణానికి మంచివని చెప్పే కంపెనీల షేర్లు కొనే ఫండ్లలో, పెడితే పర్యావరణానికి మేలని పెద్ద చర్చ నడిచింది. నేనూ అలాంటి ఫండే తీసుకున్నా. తీరా లోపల చూస్తే అవే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు, అవే బ్యాంకులు. పైగా మార్కెట్లో షేరు కొంటే మన డబ్బు కంపెనీకి పోదు, ఆ షేరు మనకు అమ్మినవాడికి పోతుంది. దాంతో ఒక్క బిందెడు మురుగు కూడా శుభ్రం కాదు.

గ్రీన్ బాండు అలా కాదు, అది పర్యావరణానికి మేలు చేసే ఫలానా పనికని రాసిచ్చి తెచ్చే కొత్త అప్పు. 2021లో ఘాజియాబాద్ నగరపాలిక 150 కోట్ల గ్రీన్ బాండ్లు అమ్మింది, మురుగునీటిని శుద్ధి చేసి ఫ్యాక్టరీలకు అమ్మే ప్లాంటు కోసం. 2023లో ఇండోర్ సోలార్ ప్లాంటు కోసం 244 కోట్లు తెచ్చింది, నర్మద నీళ్లు ఎత్తిపోసే కరెంటు బిల్లు తగ్గుతుందని. ఆ ఇండోర్ బాండ్లను మామూలు జనం కూడా కొన్నారు. మన జీహెచ్ఎంసీకి ఈ దారి తెలియనిదేం కాదు, 2018లోనే 200 కోట్ల బాండ్లు అమ్మింది, కాకపోతే రోడ్ల పనులకు. మురుగుకు ఎందుకు అమ్మకూడదు? శుద్ధి ఖర్చంతా ఫ్యాక్టరీల నుంచి రాదు, నిజమే. మిగతాది మురుగు వదిలే నగరం పన్నుల్లోంచి కట్టాలి, అందులో మొహమాటం ఏముంది!

అలాగని గ్రీన్ అన్న ముద్ర చూసి నమ్మేయలేం. మూసీ కృష్ణలో కలిసేది దామరచర్ల మండలం వాడపల్లిలో. అదే మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి బొగ్గు ప్లాంటు ఉంది. దానికి అప్పిచ్చిన ఆర్ఈసీ అనే కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థే 2017లో విదేశాల్లో గ్రీన్ బాండ్లు కూడా అమ్మింది. ఇందులో మోసం లేదు, ఈ పద్దు వేరు, ఆ పద్దు వేరు. నాకు మాత్రం పద్దు కంటే ఫలితం మీద షరతే నచ్చుతుంది. ఇటలీ కరెంటు కంపెనీ ఎనెల్ 2019 నుంచి, చెప్పిన లక్ష్యం తప్పితే వడ్డీ పెంచి కడతామని రాసిచ్చి బాండ్లు అమ్ముతోంది. 2023 కాలుష్య లక్ష్యం తప్పింది, దానికి ముడిపడ్డ బాండ్లకు వడ్డీ పెంచి కట్టాల్సి వచ్చింది.

మూసీ బాండుకూ అలాంటి షరతే ఉండాలి. నీళ్ల పరీక్ష మాత్రం హైదరాబాద్‌లో ప్లాంటు గేటు దగ్గర కాదు, కింద వలిగొండలో మా కాల్వ దగ్గర చేయాలి. అలా రాసిస్తే కొనమని మా నాయినకు నేనే చెబుతా. గేటు దగ్గరే చేస్తామంటే, ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే ఉండనీ నాయినా అంటా.