ఫేజ్ కట్టులో లెక్కించాల్సింది బతికున్న వైరస్‌లను

మందులకు లొంగని బ్యాక్టీరియాను వేటాడి చంపే వైరస్‌లు, అంటే ఫేజ్‌లు, వందేళ్లుగా వైద్యులకు తెలిసినవే. వాటిని సన్నటి నానో పోగుల్లో ఇమిడ్చి గాయానికి కట్టుగా వేసే పరిశోధనలు ఇప్పుడు ఊపందుకున్నాయి. ఫేజ్ బ్యాక్టీరియాను చంపగలదా అన్న చర్చ ఇక చాలు. గాయాన్ని చేరేసరికి వాటిలో ఎన్ని బతికుంటాయో తేల్చాలి.

ఫ్రాన్స్, బెల్జియంలలో కాలిన గాయాల రోగులపై జరిగిన ఫేజోబర్న్ ట్రయల్ ఈ సంగతిని బాధాకరంగా చూపింది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాపై పన్నెండు ఫేజ్‌ల మిశ్రమాన్ని ప్రయోగించారు. మిల్లీలీటరుకు పది లక్షల ఫేజ్‌లు ఉండాలని తలపెట్టారు. నిల్వలో అవి చచ్చిపోయి, రోగికి అందింది వంద మాత్రమే. సహజంగానే వాడుకలో ఉన్న సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీమే త్వరగా పనిచేసింది. 2017 జనవరిలో ట్రయల్‌ను ఆపేశారు. దీన్ని ఫేజ్ వైద్యం ఓటమిగా చెప్పేవారితో నేను ఏకీభవించను. అక్కడ ఓడింది నిల్వ పద్ధతి.

జార్జియా అనుభవం వేరు. 2001లో లియా గ్రామం దగ్గరి అడవికి వెళ్లినవారు అక్కడ పడి ఉన్న సోవియట్ కాలపు పరికరాల్లోని రేడియోధార్మిక స్ట్రాంషియం వల్ల కాలిపోయారు. వారిలో ఇద్దరి పుండ్లలో చేరిన స్టాఫ్ బ్యాక్టీరియా చాలా యాంటీబయాటిక్‌లకు లొంగలేదు. ఫేజ్‌లను ఇమిడ్చిన ఫేజోబయోడెర్మ్ అనే కరిగిపోయే పొరను వేశాక చీము కారడం వారం లోపే ఆగింది. రోగులు ఇద్దరే కాబట్టి అది రుజువు కాదు. అయినా ఫేజ్‌ను పొరలో పెట్టి గాయం మీద నిలపడం సాధ్యమని తేలింది.

నానో పోగుల్లో చిక్కు మరింత సూక్ష్మం. పోగు తయారీకి, పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పొడవాటి అణువుల పదార్థం) ద్రావణానికి వేల వోల్టుల విద్యుత్తు ఇచ్చి దారంలా లాగుతారు. తోకతో కలిపి టీ4 అనే ఫేజ్ పొడవు సుమారు 200 నానోమీటర్లు (నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు). పోగు మందమూ తరచూ కొన్ని వందల నానోమీటర్లే. లాగే క్షణంలోనే నీరు ఆవిరైపోతుంది, ఆ ఎండు దెబ్బకు చాలా ఫేజ్‌లు చస్తాయి. ఫేజ్‌ను లోపలి పొరలో దాచి పైన మరో పాలిమర్ తొడగడం, ట్రెహలోజ్ లాంటి చక్కెరలు కలపడం దీనికి విరుగుడు. పోగును దేనితో చేశామన్నదీ ముఖ్యమే: పాలీవినైల్ ఆల్కహాల్ గాయపు తడికి ఇట్టే కరిగి ఫేజ్‌లను ఒక్కసారిగా వదులుతుంది, పాలీకాప్రోలాక్టోన్ నీటిలో కరగదు, చాలా నెమ్మదిగా విచ్ఛిన్నమవుతుంది.

మన దేశంలోనూ దారి పడింది. ఆరు వారాల చికిత్సకూ మానని పుండ్లున్న 20 మందికి బనారస్ హిందూ విశ్వవిద్యాలయ వైద్యులు, ఆయా పుండ్లలోని బ్యాక్టీరియాకు సరిపడే ఫేజ్‌లను ఎంచి పైపూతగా వాడి, 2019లో ఫలితాలు ప్రచురించారు. 21వ రోజుకల్లా ఏడుగురికి పూర్తిగా మానాయి. ఫ్యాక్టరీలో ముందే తయారయ్యే కట్టుకు రోగిని బట్టి ఫేజ్‌ను ఎంచే ఈ వెసులుబాటు ఉండదు. అందుకే ఖాళీ పోగుల కట్టును నిల్వ ఉంచి, రోగికి తగిన ఫేజ్‌ను ఆసుపత్రిలోనే పట్టించే పద్ధతిపై ఎక్కువ పరిశోధన జరగాలి.

ఏ పద్ధతైనా సరే, ల్యాబ్ ఫ్రిజ్‌లోంచి తీసిన కట్టు ఫలితాలతో మనకు పని జరగదు. మే నెలలో కరెంటు పోయే జిల్లా ఆసుపత్రి స్టోర్‌లో మూడు నెలలున్న కట్టులో ఎన్ని ఫేజ్‌లు బతికున్నాయో చెప్పే అంకె ప్రతి పరిశోధన పత్రంలోనూ, ప్రతి ప్యాకెట్ మీదా ఉండాలి.