పడకగది తలుపు గారికి

మహారాజశ్రీ పడకగది తలుపు గారికి నమస్కారాలు.

మీరు కులాసాగా ఉన్నారని తెలుసు. నిన్న సాయంత్రం మీ బందులకి నూనె పోసి, ఒళ్లంతా తుడిచింది నేనే కాబట్టి. కులాసా లేనిది మాకే.

నూనె పోశాక మిమ్మల్ని మెల్లగా తెరిచాను, గట్టిగా మూశాను, సగంలో ఆపి చూశాను. కిక్కురుమనలేదు. మా ఆవిడని పిలిచి మరీ చూపిస్తే "హమ్మయ్య" అంది. ఆ హమ్మయ్యకి తమరే బాధ్యత వహించాలి.

మా పాపకి మూడో నెల. పగలేదో రాత్రేదో చెప్పే గడియారం దాని ఒంట్లో ఇంకా సరిగ్గా మొదలవలేదు. పుట్టిన కొత్తలో పిల్లల నిద్రలో దాదాపు సగం పైపై నిద్రే. రెప్పల కింద కళ్లు తిరుగుతుంటాయి, పెదాలు చప్పరిస్తారు, మూలుగుతారు. లేచారేమో అని మనం ఎత్తుకుంటే అప్పుడు నిజంగానే లేస్తారు. ఇదంతా మీ కళ్లెదుట రోజూ జరిగేదే, మీకు చెప్పాలా!

ఏడ్చే బిడ్డని ఎత్తుకుని 5 నిమిషాలు నడవాలనీ, నిద్రపోయాక కూడా వెంటనే దించకుండా ఇంకో 5 నుంచి 8 నిమిషాలు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలనీ 2022లో జపాన్ పరిశోధకులు చెప్పారు. పిల్లల్ని లేపేది పక్క తగలడం కాదట, మన ఒంటి నుంచి విడిపోవడమట. సరే, నడుస్తాను. కూర్చుంటాను. వీపు మీద చీమ పాకినా కదలను. చిన్న చెయ్యి ఎత్తి వదిలితే తడిగుడ్డలా జారాలి, అప్పుడే దించడం. ముందు కాళ్లు, తర్వాత నడుము, ఆఖరికి తల. తల కింద ఇరుక్కున్న అరచేతిని ఒక్కో వేలే బయటికి లాక్కోవాలి. వెల్లకిలానే పడుకోబెట్టాలి, ప్రాణానికి సంబంధించిన విషయం కాబట్టి అందులో బేరాల్లేవు. అయితే అలా పెట్టగానే కింద పడిపోతున్నట్టు రెండు చేతులూ చాచి ఉలిక్కిపడుతుంది. నిన్న రాత్రి రెండున్నరకి ఆ గండం కూడా గడిచింది. చేతులు గాల్లోకి లేచాయి, కాసేపు ఆలోచించుకున్నాయి, దిగాయి.

ఇక మిగిలింది నేను గదిలోంచి బయటపడటం. ఒక్క గ్లాసు మంచినీళ్ల కోసం.

ఫ్యాన్‌ని ఏమీ అనను, అది ఎప్పుడూ ఒకే తాళంలో టకటకలాడుతుంది, పాపకి అలవాటైపోయింది. లేస్తుంటే నా మోకాళ్లు టక్కుమన్నాయి. నావే కదా, ఏం చేస్తాం. మొన్న చీకట్లో కాలి కింద పడి కుయ్యిమన్న రబ్బరు బాతు ప్రస్తుతం అటక మీద ఉంది. ఇవన్నీ దాటుకుని తమ సన్నిధికి వచ్చాను.

పిడి పట్టుకుని కాస్త పైకి ఎత్తి లాగితే మీకు హాయిగా ఉంటుందని కనిపెట్టినవాణ్ణి. అలాగే లాగాను. అడ్డంగా తిరిగితే మనిషి పట్టేంత సందు ఇచ్చారు. ఒక కాలు బయట పెట్టాను.

అప్పుడు అందుకున్నారు. కిర్ర్ర్ర్...

మామూలు కిర్రా అది! సన్నగా మొదలై, మధ్యలో అనుమానంగా ఆగి, మళ్లీ రాగం తీసింది. నేను ఆగితే ఆగారు, కదిలితే కొనసాగించారు. ముందుకెళ్తే ఒక శ్రుతి, వెనక్కొస్తే ఇంకో శ్రుతి. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. వెనక నుంచి ముందు చిన్న మూలుగు, తర్వాత ఇల్లెగిరిపోయే ఏడుపు.

ఇక గారూ లేదు గీరూ లేదు. నీకేం పోయేకాలం వచ్చింది? పగలు చుట్టాలొచ్చి దబాలున తోస్తే కిమ్మనవు. అర్ధరాత్రి ఇంటి యజమాని మునివేళ్ల మీద వస్తే ఊరందర్నీ లేపుతావా? నిజంగా దొంగొస్తే ఇంతలా అరుస్తావా? తాగిన నూనెకైనా విశ్వాసం ఉండొద్దూ! తెరిచి వదిలేద్దామంటే హాల్లో లైటు సరిగ్గా పాప మొహం మీదే పడుతుంది. ఊడబీకి గోడకి ఆనిద్దామని మూడున్నరకి స్క్రూడ్రైవర్ తీశాను. స్క్రూ కూడా కిర్రుమంది. మీది మొత్తం ఒకటే వంశం.

నాలుగున్నరకి మళ్లీ అరిచావు. తిట్టబోయి తలెత్తితే మా ఆవిడ. "ఇలా ఇచ్చి మీరెళ్లి పడుకోండి" అంది. ఆ ఒక్క కిర్రు మాత్రం, ఏ మాటకామాటే చెప్పాలి, చెవికి ఇంపుగానే ఉంది. అంతమాత్రాన నిన్ను వదిలేస్తాననుకోకు.

పొద్దున్నే వడ్రంగికి ఫోన్ చేశాను. పదకొండింటికి వస్తానన్నాడు. పదకొండింటికి నువ్వెలా నటిస్తావో నాకు తెలీదా? నాలుగుసార్లు తెరిచి మూసి "బానే ఉంది కదండీ" అని నా మొహం వంక జాలిగా చూస్తాడు. అందుకే రాత్రి రెండున్నరకి రమ్మన్నాను.

ఫోన్ పెట్టేశాడు.

ఇట్లు,
పాప వాళ్ల నాన్న