చెరువు పక్క పాత ఇల్లు: ధర అంతా నేలకేనా?

హుస్సేన్ సాగర్ చుట్టుపక్కల, అంటే దోమల్‌గూడ, గగన్‌మహల్, సోమాజిగూడ, బేగంపేట వైపు పాత ఇల్లు అమ్మకానికి వచ్చిందంటే ప్రకటన దాదాపు ఒకేలా ఉంటుంది. ఇన్ని గజాలు, ఫలానా ఫేసింగ్, ముందు ఇన్ని అడుగుల రోడ్డు, క్లియర్ టైటిల్. చివర్లో ‘ఓల్డ్ హౌస్’ అని రెండు ముక్కలు. మూడు తరాలు పుట్టి పెరిగిన ఇంటికి అందులో దక్కే చోటు అంతే. చూడ్డానికి వచ్చిన బిల్డర్ చాలాసార్లు గడప కూడా దాటడు. టేపుతో ప్రహరీ కొలుచుకుని వెళ్లిపోతాడు.

గడప దాటితే కనిపించేది వేరు. 1940లు, 50ల్లో కట్టిన ఇళ్లలో గుండ్రంగా తిరిగిన బాల్కనీలుంటాయి. కిటికీల మీదుగా మూల తిరిగి సాగే సజ్జ, మెట్ల దగ్గర నిలువునా అద్దాల కిటికీ, గేటు గ్రిల్లులో అల్లిన ఇంటి పెద్ద పొడి అక్షరాలు. లోపల మొజాయిక్ గచ్చు, టేకు తలుపులు, ఎత్తయిన కప్పు, దాని కింద వేడిగాలి బయటికి పోయే రోషన్‌దాన్లు. మందపాటి గోడల వల్ల మండువేసవి మధ్యాహ్నం కూడా హాల్లో ఫ్యాన్ కింద కూర్చోవచ్చు. ముంబైలో మెరైన్ డ్రైవ్ వెంట ఇలాంటి గుండ్రటి వంపులు, సజ్జలతో ఉన్న ఆర్ట్ డెకో శైలి భవనాలకు 2018లో యునెస్కో వారసత్వ హోదా దక్కింది. అదే శైలిలో కట్టిన మన ఇళ్లను జేసీబీలు రోజుల్లో నేలమట్టం చేస్తున్నాయి. కూల్చే కాంట్రాక్టరు తలుపులు, కిటికీలు, ఇనుము పట్టుకెళ్లి ఇంటివాళ్లకే ఎదురు డబ్బిస్తాడు. అంటే ఆ టేకును విడదీసి అమ్మితే ధర ఉంది, ఇల్లుగా నిలబడి ఉంటే లేదు.

ఇలా ఎందుకైంది? చాలామంది ‘పిల్లలకు పట్టింపు లేదు’ అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఇల్లు ఒకటే, వాటాదారులు నలుగురు. ఒకరు డల్లాస్‌లో, ఒకరు బెంగళూరులో, ఇద్దరు ఊళ్లోనే. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం తెచ్చింది, 2005లో కేంద్రం దేశమంతటికీ వర్తింపజేసింది. అది న్యాయం, అందులో రెండో మాట లేదు. కానీ ఒక హాలు, ఒక వరండా, ఒక మెట్ల దారి ఉన్న ఇంటిని నలుగురికి ఎలా పంచుతారు? డెవలప్‌మెంట్‌కి ఇస్తే తలా ఒక ఫ్లాట్ వస్తుంది, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ మాటపట్టింపుల్లేకుండా బయటపడతారు. ఇంటిని నిలబెట్టాలనుకునే వారసుడు మాత్రం మిగతా ముగ్గురికీ వాటాల డబ్బు చేతిలో పెట్టాలి. అదీ ఇంటి ధర కాదు, అక్కడ లేవబోయే అపార్టుమెంటు లెక్కన. జీతం మీద బతికేవాళ్లలో ఎంతమందికి సాధ్యం?

ఆ లెక్క అంత పెద్దదవడానికి మూలం ప్రభుత్వ నిబంధనల్లో ఉంది. చాలా నగరాల్లో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలని ఎఫ్ఎస్ఐ పరిమితి ఉంటుంది. హైదరాబాద్‌లో 2006లో జీవో 86తో ఆ పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తు ఒప్పుకుంటే చాలు. దాంతో రెండంతస్తుల ఇల్లున్న ఆరువందల గజాల స్థలానికి, దాని మీద వేయగల అంతస్తులన్నిటి ధరా ఒక్కసారిగా వచ్చి కూర్చుంది. ఇల్లు ఎంత గట్టిగా ఉన్నా ఆ లెక్కలో కూల్చివేత పని కిందే జమ. ఇళ్లు పోవడానికి కుటుంబాల కంటే ఈ జీవోదే పెద్ద చెయ్యి అని నా అభిప్రాయం.

చెరువు పక్కన ఉండటం వల్ల ఇంకో చిక్కు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక, ఆగస్టులో తమ్మిడికుంట దగ్గరి ఎన్ కన్వెన్షన్ ఫంక్షన్ హాలు కూల్చివేత చూశాక, చెరువు దగ్గర అనగానే కొనేవాళ్లకు టెన్షన్. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు ఉండకూడని మేర. చెరువులు దక్కాలంటే ఆ గీత ఉండాల్సిందే. అయితే కట్ట దిగువన ఉన్న దోమల్‌గూడ ఇంటికి ఎఫ్‌టీఎల్ భయం కాదు, వాన నీటి భయం. వరద రోజున సెల్లార్ ఉన్న అపార్టుమెంటులో కార్లు మునుగుతాయి. నాలుగు మెట్లెక్కి లోపలికి వెళ్లే పాత ఇంట్లో గచ్చు తడవకపోవచ్చు.

పాత కట్టడాలను కాపాడే చట్టం లేదా అంటే, ఉంది, కానీ రాజమహళ్ల దాకానే. 1995లో తెచ్చిన వారసత్వ నిబంధన 13ను 2015లో ప్రభుత్వమే తీసేసింది. 2017లో కొత్త హెరిటేజ్ చట్టం వచ్చింది. ఎర్రమంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలనుకుంటే 2019లో హైకోర్టు అడ్డుకుంది. అది నవాబు ప్యాలెస్ కాబట్టి పౌరులు కోర్టుకెక్కారు. ఒక వకీలో, డాక్టరో, రిటైరైన ఇంజినీరో ముచ్చటపడి కట్టుకున్న ఇంటి కోసం ఎవరు వెళ్తారు?

అందుకే నోటీసు అంటించి ‘అమ్మకండి’ అనే పద్ధతిని నేను సమర్థించను. భారమంతా ఇంటివాళ్ల మీద పడుతుంది. వాళ్లు వదులుకునే అంతస్తులకు ఖరీదు కట్టాలి. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకు ఇచ్చే టీడీఆర్ పత్రాలను (వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు, అమ్ముకోవచ్చు) బిల్డర్లు కొని ఇప్పటికే అదనపు అంతస్తులు వేసుకుంటున్నారు. బిల్డింగ్ రూల్స్‌లో హెరిటేజ్ భవనాలకూ టీడీఆర్ మాట ఉంది. ఆ జాబితాలోకి ఇలాంటి మామూలు ఇళ్లను, వీలైతే వీధికి వీధినే చేర్చి, టీడీఆర్ ఇస్తే ఆ పత్రం అమ్మిన డబ్బుతో మిగతా వారసుల వాటాల్లో కొంతైనా తీర్చవచ్చు. దాంతోపాటు కింది భాగాన్ని క్లినిక్‌కో, కేఫ్‌కో అద్దెకిచ్చుకునే ఇంటికి కమర్షియల్ రేటు పన్ను, కరెంటు బిల్లు వేయకుండా మినహాయించాలి. కప్పు కారితే బాగుచేయించడానికీ, వాకిట్లో వేపచెట్టు ఉంచుకోవడానికీ ఆ అద్దె డబ్బులే ఆధారం.