‘అండి’లోనే ఉంది చురక

భీమవరం వైపు రోడ్డు మీద వానకు నిండిన గొయ్యి ఫొటోతో వాట్సాప్‌లో తిరిగే రాజకీయ మీమ్ ఒకటి ఉందనుకోండి. పైన ‘ఏవండీ, ఈ చెరువు ఎవరిదండి?’ అని, కింద ‘ఆర్ అండ్ బీ వాళ్లదండి. ఏరియేటర్లు పెట్టడమే తరువాయండి, ఆయ్!’ అని రెండే వరుసలు. నాయకుడి పేరు లేదు, పార్టీ రంగు లేదు. అయినా ఎవరిని అన్నారో చూసినవాడికి తెలిసిపోతుంది. ఆ పేరు తనే పూరించుకుంటాడు కాబట్టే నవ్వొస్తుంది. రొయ్యల చెరువుల మధ్య బతికేవాళ్లకు ఏరియేటర్, అంటే చెరువు నీళ్లలోకి గాలి కలిపే యంత్రం, అనగానే బొమ్మ కళ్లకు కడుతుంది. కోపమంతా ఆ ‘అండి’లో దాగుంది. మర్యాద తగ్గకుండా చురక పెట్టడమే గోదారోళ్ల వెటకారం. నరసాపురంలో పుట్టిన బాపు కార్టూన్లు చూసి పెరిగిన కళ్లకు ఇదేం కొత్త కాదు.

దీనికే మూడో వరుసగా ‘సిగ్గులేని ప్రభుత్వం’ అని చేర్చి చూడండి. నవ్వు చచ్చి, తిట్టు మిగులుతుంది. నాయకుడి తలకాయని గాడిద మొండేనికి అతికిస్తే సొంత పార్టీవాళ్లు చప్పట్లు కొడతారు. అవతలి పార్టీకి ఓటేసి, అదే గోతిలో రోజూ బండి దింపేవాడు మాత్రం తన నాయకుణ్ణి వెనకేసుకొస్తాడు. గొయ్యి సంగతి గాల్లో కలుస్తుంది. ఇక కులం జోలికో, ఇంట్లో ఆడవాళ్ల జోలికో వెళ్లినదాన్ని హాస్యమనడానికి నాకు మనసొప్పదు.

అలాంటివే తొందరగా పాకుతాయి కూడా. చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా వాట్సాప్ 2020లో కట్టడి పెట్టింది. స్క్రీన్‌షాట్ తీసి కొత్తగా పెడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఒళ్లు మండినవాడు ఆ శ్రమ పడతాడు. నవ్వుకున్నవాడు చాలావరకు పడడు.

వరద రోజుల్లో ఇంకా జాగ్రత్త కావాలి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక. లంకల్లోవాళ్లు సామాన్లు సర్దుకుంటూ ఫోన్ చూసుకునే గంటలవి. అప్పుడు 2022 జులైలో మునిగిన ఇంటి ఫొటో మీద నాయకుడికి ఈత నేర్పుతున్నట్టు జోకు వేస్తే, ముందు కంటికి ఆనేది జోకు కాదు, నీళ్లు. ఇవాళ్టిదే అనుకుని బెంబేలెత్తుతారు. తేదీ, ఊరు ఫొటో మీదే ఉండాలి. మూలన రాస్తే ఎవరో కత్తిరించేస్తారు, నడిమధ్య నీళ్ల మీదే రాయాలి. అదే జోకుని నీళ్లు తీశాక, పరిహారం జాబితాలో పేరు రానివాళ్ల తరఫున వేస్తే లంకల్లోనూ నవ్వుతారు.