వాపా, బలుపా: నెబ్రాస్కా అభిమానుల లెక్క ఎక్కడ తప్పింది

అమెరికాలోని నెబ్రాస్కా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2021లో 12 మ్యాచ్‌లు ఆడి తొమ్మిది ఓడిపోయింది. విచిత్రం ఏమిటంటే, ఆ తొమ్మిదింటిలో ఒక్కటి కూడా పది పాయింట్ల తేడాతో ఓడింది కాదు. ఒహాయో స్టేట్ చేతిలో తొమ్మిది, మిషిగన్ చేతిలో మూడు, ఓక్లహోమా చేతిలో ఏడు... అన్నీ అంచుదాకా వచ్చి జారిపోయినవే. సీజన్ మొత్తం కలిపి చూస్తే జట్టు సాధించింది 335 పాయింట్లు, ప్రత్యర్థులకు ఇచ్చింది 272. అంటే మూడంటే మూడే గెలిచిన జట్టు 63 పాయింట్ల మిగులులో ఉంది.

ఆ 63ను అభిమానులు కొన్నేళ్లపాటు తాయెత్తులా కట్టుకుని తిరిగారు. ‘మేం చెడ్డ జట్టు కాదు, దురదృష్టం వెంటాడింది అంతే. ఆఖరి నిమిషాల్లో కాస్త కలిసొస్తే ఇదే జట్టు తొమ్మిది గెలిచేది’ అన్నది వాళ్ల వాదన. నాకు మొదటి నుంచీ ఆ లెక్క మీద అనుమానమే. గెలిచిన మూడు మ్యాచ్‌ల స్కోర్లు చూడండి: నార్త్‌వెస్టర్న్‌పై 56-7, ఫోర్డమ్‌పై 52-7, బఫెలోపై 28-3. ఈ మూడింటిలోనే 119 పాయింట్ల మిగులు వచ్చింది. మిగతా తొమ్మిదింటిలో 56 పాయింట్ల లోటు. ఐపీఎల్‌లో చిన్న జట్టును చిత్తుగా ఓడించి నెట్ రన్‌రేట్ పెంచుకున్నట్టే ఇదీ. పట్టిక బాగుంటుంది, జట్టు మాత్రం ఎక్కడున్నది అక్కడే.

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ సంగతి తెలియనివాళ్లకు ఓ యూనివర్సిటీ జట్టు గురించి ఇంత గొడవేమిటి అనిపించవచ్చు. నెబ్రాస్కా జనాభా దాదాపు 20 లక్షలు, హైదరాబాద్‌లో మూడో వంతుకూ తక్కువ. రాష్ట్రంలో పెద్ద ప్రొఫెషనల్ జట్టు ఏదీ లేదు. ఉన్నదల్లా లింకన్ పట్టణంలోని ఈ హస్కర్స్, అంటే మొక్కజొన్న కండెల పొట్టు ఒలిచేవాళ్లు. 1962 నవంబర్ నుంచి అక్కడి మెమోరియల్ స్టేడియంలో ప్రతి మ్యాచ్‌కూ టికెట్లన్నీ అమ్ముడైనట్టే అధికారిక లెక్క, ఆ వరస 400 దాటింది. మ్యాచ్ రోజున ఒమాహా, లింకన్‌ల తర్వాత రాష్ట్రంలో మూడో పెద్ద ఊరు ఆ స్టేడియమే అని చెప్పుకుంటారు. అక్కడ చదువుకున్న తెలుగు పిల్లలకు ఆట నియమాలు ఒంటబట్టినా పట్టకపోయినా, శనివారం ఎర్ర చొక్కా వేసుకోవాలని మాత్రం మొదటి సెమిస్టర్‌లోనే తెలిసిపోతుంది.

మళ్లీ లెక్కల్లోకి వద్దాం. ఎనిమిది పాయింట్లలోపు తేడాతో తేలిన మ్యాచ్‌ను ఈ ఆటలో ‘వన్ స్కోర్ గేమ్’ అంటారు. బంతిని ప్రత్యర్థి గీత దాటించే టచ్‌డౌన్‌కు ఆరు, దాని వెంట వచ్చే అదనపు ప్రయత్నంలో రెండు, కలిపి ఎనిమిది. ఒక్కసారి బంతి చేతికొస్తే సమం చేయగలిగే దూరం అన్నమాట. స్కాట్ ఫ్రాస్ట్ 2018 నుంచి 2022 సెప్టెంబర్ దాకా హెడ్ కోచ్‌గా ఉన్నప్పుడు ఇలాంటి మ్యాచ్‌ల్లో నెబ్రాస్కా ఐదు గెలిచి 22 ఓడింది. దగ్గరి మ్యాచ్‌లు నాణెం ఎగరేయడం లాంటివనుకుందాం. 27 సార్లు ఎగరేస్తే ఐదు సార్లో, అంతకన్నా తక్కువగానో బొమ్మ పడే అవకాశం వెయ్యికి ఒకటి కూడా లేదు. కాబట్టి ‘దురదృష్టం’ అన్న మాట అక్కడే తేలిపోతుంది. 2021లో మిషిగన్ స్టేట్‌పై 20-13 ఆధిక్యంలో ఉండి, నాలుగో క్వార్టర్‌లో పంట్‌ను, అంటే బంతిని అవతలివాళ్లకు దూరంగా అప్పగించే తన్నును, ఒక పక్కకు తన్ని, ఆపాల్సినవాళ్లంతా ఇంకో పక్కకు పరిగెత్తారు. అవతలి జట్టు ఆటగాడు అడ్డులేకుండా టచ్‌డౌన్ చేసి స్కోరు సమం చేశాడు. 2022లో డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్‌పై 28-17తో ముందుండి కూడా ఫ్రాస్ట్ ఆన్‌సైడ్ కిక్ ఆడించాడు. బంతిని దగ్గర్లోకే తన్ని మళ్లీ తామే అందుకోవాలని వెనకబడిన జట్టు గత్యంతరం లేక ఆడే ఆట అది. బంతి ప్రత్యర్థికి దొరికింది, చివరికి 31-28తో మ్యాచ్ కూడా వాళ్లకే పోయింది. దీన్ని దురదృష్టం అనడానికి నాకు నోరు రాదు.

ఫ్రాస్ట్‌ను తీసేసిన తీరులోనూ అభిమానుల ఆవేశం ఎంతుందో కనిపిస్తుంది. అక్టోబర్ 1 దాకా ఆగితే అతనికి ఇవ్వాల్సిన పరిహారం 1.5 కోట్ల డాలర్ల నుంచి సగానికి తగ్గేది. యూనివర్సిటీ మూడు వారాలు కూడా ఆగలేకపోయింది. తీసేసింది ఎవరినో కాదు, 1997 జాతీయ ఛాంపియన్ జట్టు క్వార్టర్‌బ్యాక్‌ను (బంతి విసిరి ఆట నడిపే ఆటగాణ్ని), సొంత రాష్ట్రం కుర్రాణ్ని.

ఆ 1997 దగ్గరే అసలు చిక్కుముడి ఉంది. నెబ్రాస్కా ఐదుసార్లు జాతీయ టైటిల్ గెలిచింది: 1970, 1971, 1994, 1995, 1997. టామ్ ఆస్బోర్న్ పాతికేళ్లు కోచ్‌గా ఉండి 255 మ్యాచ్‌లు గెలిపించి, చివరి టైటిల్‌తోనే తప్పుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి కోచ్‌నూ ఆయన పక్కన నిలబెట్టి కొలిచారు. ఫ్రాంక్ సోలిచ్ 2003లో తొమ్మిది గెలిచి మూడు ఓడితే, జట్టు మామూలు స్థాయికి దిగజారకూడదంటూ సాగనంపారు. బో పెలీని ఏడేళ్లున్నాడు, ఏ ఏడూ తొమ్మిదికి తక్కువ గెలవలేదు. అతన్నీ 2014లో పంపించేశారు. అప్పుడు చిన్నచూపు చూసిన ఆ తొమ్మిది గెలుపులు ఆ తర్వాత ఒక్క 2016లో తప్ప మళ్లీ రాలేదు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత వీళ్లకు బాగా నప్పుతుందని ఎగతాళి చేసేవాళ్లు అమెరికాలో చాలామందే ఉన్నారు. నేను మాత్రం పూర్తిగా ఎగతాళి చేయలేను. ఆస్బోర్న్ కూడా మొదటి ఐదేళ్లూ ఓక్లహోమా చేతిలో ఓడినవాడే. ‘పెద్ద మ్యాచ్ గెలవలేడు’ అని ఇదే ఊళ్లో తిట్లు తిన్నాడు. మొదటి జాతీయ టైటిల్ గెలిచింది 22వ సీజన్‌లో. ఈ రోజుల్లో అయితే ఆయన్ను ఆరో ఏడు దాకా ఉంచేవారా అంటే, ఉంచేవారు కాదనే నా అనుమానం.

ఇక ఇప్పటి కోచ్ మ్యాట్ రూల్. 2022 నవంబర్‌లో ఎనిమిదేళ్లకు 7.4 కోట్ల డాలర్ల ఒప్పందంతో వచ్చాడు. అతని గురించి అభిమానులు నోటికి అప్పజెప్పే పాఠం ఒకటుంది. టెంపుల్ యూనివర్సిటీలో మొదటి ఏడు 2-10 (రెండు గెలుపులు, పది ఓటములు), రెండో ఏడు 6-6, మూడో ఏడు 10-4. బేలర్ యూనివర్సిటీలో 1-11, 7-6, 11-3. అంటే మూడో ఏడు వచ్చేసరికి పంట చేతికి రావాలి. నెబ్రాస్కాలో మొదటి ఏడు 5-7, రెండో ఏడు 7-6. 2025 మూడో ఏడు.

మొదటి రెండేళ్లలో పాత రోగమే కొనసాగింది. ఎనిమిది పాయింట్లలోపు తేలిన మ్యాచ్‌ల్లో 2023లో ఒకటి గెలిచి ఐదు ఓడారు, 2024లో రెండు గెలిచి ఐదు ఓడారు. అయోవా అయితే రెండేళ్లూ అదే 13-10 స్కోరుతో, ఆఖరి క్షణంలో కొట్టిన మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్‌తో ఓడించింది. కాబట్టి 2025కు ముందు వినిపించిన లెక్క సూటిగా ఉంది: ఆ ముళ్లు తప్పుకుంటే చాలు, ఏడు గెలుపులు తొమ్మిదో పదో అవుతాయి.

నిజంగానే ఆ ముళ్లు తప్పుకున్నాయి. 2025లో అలాంటి మ్యాచ్‌లు ఆరు ఆడి నాలుగు గెలిచారు. సిన్సినాటి, మేరీల్యాండ్‌లపై మూడేసి పాయింట్లతో, నార్త్‌వెస్టర్న్, యూసీఎల్ఏలపై ఏడేసి పాయింట్లతో. ఏళ్ల తరబడి దేన్ని కోరుకున్నారో అది దొరికింది. తీరా సీజన్ ముగిసేసరికి రికార్డు మళ్లీ అదే 7-6.

అంటే ఏమైంది? దగ్గరి మ్యాచ్‌లు గెలవడం మొదలైంది, మిగతావి దగ్గరగా ఉండటం మానేశాయి. పెన్ స్టేట్ 37-10, అయోవా 40-16, సీజన్ చివర ఆడే బౌల్ గేమ్‌లో యూటా 44-22. ఆఖరి మూడు ఓటముల్లో తేడా మొత్తం 73 పాయింట్లు. అందరూ తిట్టిపోసిన ఆ 2021 జట్టు తొమ్మిది ఓటముల్లో కలిపి వెనకబడింది 56 మాత్రమే. సీజన్ మొత్తం చూస్తే 2025లోనూ 53 పాయింట్ల మిగులు కనిపిస్తుంది. అక్రాన్‌పై 68-0, హ్యూస్టన్ క్రిస్టియన్‌పై 59-7 పక్కన పెట్టండి. మిగిలిన 11 మ్యాచ్‌ల్లో 67 పాయింట్ల లోటు. వాపును చూసి బలుపనుకోవడం ఇక్కడ రెండోసారి జరుగుతోంది.

దీనికి అభిమానుల్లో ఒక వర్గం చెప్పే జవాబు క్వార్టర్‌బ్యాక్ డిలన్ రైయోలా గాయం. నవంబర్ 1న యూఎస్‌సీతో మ్యాచ్‌లో కాలి ఎముక విరిగి అతను సీజన్‌కు దూరమయ్యాడు, ఆ తర్వాత మొదటి ఏడాది కుర్రాడితో నెట్టుకొచ్చారు. ఇందులో నిజం ఉంది, కాదనను. కానీ అంతకు రెండు వారాల ముందే మినెసోటాలో 24-6తో ఓడినప్పుడు రైయోలా మైదానంలోనే ఉన్నాడు. ఆ రోజు అతన్ని బంతి విసిరేలోపే తొమ్మిదిసార్లు కిందపడేశారు. ముందు వరసలో నిలబడి కాపాడాల్సిన లైన్ కాపాడలేకపోతే క్వార్టర్‌బ్యాక్ ఎవరైతే ఏమిటి? ఒకప్పుడు నెబ్రాస్కా పేరు వింటేనే గుర్తొచ్చేది ఆ లైనే. పొలాల్లో పెరిగి, స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో జట్టులో చేరి, నాలుగేళ్లు వెయిట్ రూమ్‌లో కండలు పెంచిన కుర్రాళ్లు అవతలివాళ్లను వెనక్కి నెట్టుకుంటూ పోయేవారు. ఇప్పుడు నవంబర్ వచ్చేసరికి వీళ్లనే అవతలివాళ్లు నెడుతున్నారు. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ ఎమ్మెట్ జాన్సన్ ఒక్కడే 1,400కు పైగా గజాలు పరిగెత్తి బండిని లాగాడు. అతనూ ఇప్పుడు ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ దారి పట్టాడు. రైయోలా ఒరెగాన్‌కు వెళ్లిపోయాడు.

రూల్‌కు దక్కాల్సిన మార్కులు దక్కాలి. ఫ్రాస్ట్ హయాంలో ఆఖరి ఐదు నిమిషాల్లో చేతులు వణికిన జట్టు ఇప్పుడు వణకడం లేదు. అది శిక్షణతో వచ్చిందే. అయితే అది కనబడే రోగం. దాని చాటున ఉన్న బలం లోటు ఇన్నాళ్లూ స్కోరు బోర్డు మీద కనబడలేదు, ఇప్పుడు బయటపడింది. యూనివర్సిటీ మాత్రం సీజన్ మధ్యలోనే, పెన్ స్టేట్ అతన్ని ఎగరేసుకుపోతుందేమో అన్న టెన్షన్‌లో, ఒప్పందాన్ని 2032 దాకా పొడిగించింది. ఆ సంతకం ఆరిన మూడు వారాలకే అదే పెన్ స్టేట్ 27 పాయింట్లతో ఓడించింది.

చిన్న రాష్ట్రం, చుట్టుపక్కల ఆటగాళ్లు దొరకరు అన్న సాకు ఒకప్పుడు గట్టిదే. 2011లో బిగ్ టెన్ అనే లీగ్‌లోకి మారాక టెక్సస్ కుర్రాళ్లతో ఉన్న పాత బంధం తెగిపోయింది. కానీ 2021 నుంచి ఆటగాళ్లు ఏడాదిపాటు ఆటకు దూరంగా కూర్చోకుండానే యూనివర్సిటీ మారవచ్చు, పేరు మీద డబ్బూ సంపాదించుకోవచ్చు. ఈ కొత్త పద్ధతిలో ఏం సాధ్యమో ఇండియానా చూపించింది. చరిత్రలో అత్యధిక ఓటములున్న జట్లలో ఒకటైన ఇండియానాకు కర్ట్ సిగ్నెటి కోచ్‌గా వచ్చి, తన పాత యూనివర్సిటీ జేమ్స్ మాడిసన్ నుంచి 13 మందిని వెంట తెచ్చుకున్నాడు. మొదటి ఏడాదే నెబ్రాస్కాను 56-7తో చితక్కొట్టాడు. రెండో ఏడాది 16 మ్యాచ్‌లకు 16 గెలిచి జాతీయ ఛాంపియన్ అయ్యాడు. అలాగని ప్రతి ఊరికీ ఒక సిగ్నెటి దొరకడు. కానీ మైదానంలో కండబలం నిండటానికి ఐదేళ్లు పడుతుందన్న వాదనను నెబ్రాస్కాలో ఇకమీదట ఎవరూ అంత ధీమాగా చేయలేరు.

2026 మీద లెక్కలు అప్పుడే మొదలయ్యాయి. ఎనిమిదా, తొమ్మిదా అని. టెన్నెసీతో 2026, 2027ల్లో ఆడాల్సిన రెండు మ్యాచ్‌లను స్టేడియం పనుల పేరుతో నెబ్రాస్కానే రద్దు చేసుకుంది. 2026లో ఆ చోట చిన్న జట్టు బౌలింగ్ గ్రీన్ ఉంది. ఒక గెలుపు దాదాపు ఖాయం, నలభయ్యో యాభయ్యో పాయింట్ల మిగులు కూడా రావచ్చు. నేనైతే ఆ స్కోరు వైపు చూడను. నవంబర్ ఆఖర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు అయోవాతో ఆడే మ్యాచ్ చూస్తాను, అదీ మొదటి రెండు క్వార్టర్లలో బంతి ఎవరి చేతుల్లో ఉందో కాదు, రెండు లైన్లు ఢీకొన్న ప్రతిసారీ ఎవరు ఒక అడుగు వెనక్కి వేస్తున్నారో. రెండేళ్లు మూడేసి పాయింట్లతో ఓడి, మూడో ఏడు 24 పాయింట్లతో ఓడింది అక్కడే.